పదిహేడో గట్టు

11 ఫిబ్రవరి 2024, ఆదివారం

కెమెరాలు బిగించే గణేష్‌బాబు కాగితం తెచ్చాడు. పద్నాలుగు కెమెరాలట. ఎందుకు పద్నాలుగు అని అడిగితే, "ఫుల్ కవరేజ్ అండి మామ్మగారూ, చీమ కూడా తప్పించుకోదండి" అన్నాడు. పెట్టిస్తున్నది చీమల కోసం కాదన్నాను. హరి నవ్వాడు. వాడు నవ్వి చాలా రోజులైంది. కిందటి నెల పక్కవాళ్ళ చెరువులో ఎవరో మందు కలిపారు. తెల్లారేసరికి రొయ్యలన్నీ తెల్లగా తేలాయి. అప్పటి నుంచి నా కొడుక్కి అన్నం సరిగా దిగడం లేదు.

కాగితం చూశాను. స్తంభం ఎక్కడ కనబడితే అక్కడ ఒక కెమెరా గీశాడు. ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, ఇలాంటి కాగితం మీద సంతకం చేయనివ్వను. రెండు రోజులు ఆగమన్నాను.

13 ఫిబ్రవరి, మంగళవారం

నిన్న, ఇవాళ టేపు పట్టుకుని గట్లన్నీ తిరిగాను. అవతలి కొస మా కూలి మనిషి పాపాయమ్మ పట్టుకుంది. ఆరు చెరువులు. ఇంటి వైపు వరసలో మూడు, మురుగు కాలువ వైపు వరసలో మూడు. ఏ గట్టు ముక్క కొలిచినా తొంభై మీటర్లకు కొంచెం అటూ ఇటూ.

గణేష్‌బాబు తప్పు ఏమిటంటే నీళ్ళను చూడాలనుకోవడం. మందు కలిపేవాడు గట్టు మీద నడిచే రావాలి. కాబట్టి చూడవలసింది పన్నెండు ఎకరాలు కాదు, గట్లు. గట్టు ముక్కలు మొత్తం పదిహేడు. అడ్డంగా తొమ్మిది, నిలువుగా ఎనిమిది. మూల మీద నిలబెట్టిన కెమెరా అడ్డంగా ఒక ముక్కను, నిలువుగా ఒక ముక్కను చూడగలదు. పదిహేడింటికి తొమ్మిది కావాలి. ఎనిమిదే పెడితే సరిగ్గా ఒక అడ్డ ముక్క మిగిలిపోతుంది.

గ్రాఫు కాగితం మీద మూడు విధాలుగా వేసి చూశాను. భోజనం వేళ దాటిపోయిన సంగతి మనవరాలు హేమశ్రీ కాలేజీ నుంచి వచ్చి చెప్పేదాకా తెలియలేదు.

టేపు చుడుతూ పాపాయమ్మ అడిగింది. "మేమూ టీవీలో పడతామాండి? అయితే రేపట్నుంచి పౌడర్ రాసుకొస్తామండి." పని చేసుకుంటూ వస్తే చాలన్నాను. గొంతు తగ్గించి, "ఆ రేకుల షెడ్డెనకాల కూడా పెడతారాండి అమ్మగారూ?" అంది.

నేను తలెత్తలేదు. షెడ్డు వెనక గట్టు వెనక వరసలో చివరి ముక్క. ఆడకూలీలు ఒంటికి వెళ్ళేది అక్కడికే. మగవాళ్ళు ఆ వైపు పోరు. ఎవరో పెట్టిన నియమం కాదు, ఎప్పటి నుంచో అంతే. మరుగుదొడ్డి కట్టించమని హరికి మూడేళ్ళ క్రితమే చెప్పాను. ఈసారి రొయ్యల పట్టుబడి అయ్యాక అన్నాడు. ఆ తర్వాత ఆరు పట్టుబడులు అయ్యాయి.

చూద్దాంలే అన్నాను.

15 ఫిబ్రవరి, గురువారం

ఎనిమిది కెమెరాలు. పదిహేడో ముక్కకు లేదు.

హరికి చెప్పిన కారణం: ఆ ముక్కకు అవతల ముళ్ళకంచె, దాని అవతల మురుగు కాలువ. దొంగ అటు నుంచి రాలేడు. ఇది నిజమే. అసలు కారణం కొడుకు ముందు నోరు విడిచి చెప్పేది కాదు. గణేష్‌బాబు మాత్రం ఒప్పుకోలేదు. "ఒక్కటి పెడితే హండ్రెడ్ పర్సెంట్ అయిపోద్దండి. బ్లైండ్ స్పాట్ ఎందుకండి చేతులారా?" అన్నాడు. లెక్క నాది, స్తంభాలు పాతడం నీది అన్నాను.

పాపాయమ్మతో ఏమీ అనలేదు. స్తంభాలు ఎక్కడెక్కడ పాతారో ఆమే చూసుకుంది. సాయంత్రం వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఒక నిమిషం నిలబడి, "వెళ్ళొస్తానండి" అంది. రోజూ అలా నిలబడదు.

20 ఫిబ్రవరి, మంగళవారం

ముందు గదిలో టీవీ పెట్టారు. తెర మీద ఎనిమిది గళ్ళు. హేమశ్రీ ఒక్కో గడికి అంకె వేసిపెట్టింది. పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు, మధ్యాహ్నం మూడు నుంచి అయిదు నేను కూర్చుంటాను. ఎవరు ఏ గట్టు మీదకు ఎన్ని గంటలకు వచ్చారో రిజిస్టరులో రాస్తాను. షెడ్డు మూల తిరిగిన ఆడవాళ్ళ సంగతి మాత్రం రాయకూడదని నియమం పెట్టుకున్నాను. కెమెరా చూడనిదాన్ని కలం మాత్రం ఎందుకు చూడాలి?

28 ఫిబ్రవరి, బుధవారం

గంగరాజు మూడో చెరువు గట్టు మీద గొడుగు కింద ముప్పై అయిదు నిమిషాలు నిద్రపోయాడు. ఫోన్ చేసి లేపాను. మేత వేసేవాడికి నిద్ర ఏమిటన్నాను. ఆకాశం వైపు చూసి దండం పెట్టాడు. కెమెరా ఉన్నది అతని వెనక.

5 మార్చి, మంగళవారం

రిజిస్టరు పద్నాలుగు పేజీలు. బయటివాళ్ళు ఎవరూ రాలేదు. లెక్క సరిగ్గా ఉంది.

12 మార్చి, మంగళవారం

పాపాయమ్మ పోయింది. షెడ్డు వెనక. పదకొండున్నరకు తోటి కూలీలు, లోవలక్ష్మి వాళ్ళు చూశారు.

నేను చూడలేదు. అక్కడ కెమెరా లేదు.

13 మార్చి, బుధవారం

క్రమంలో రాస్తాను.

నిన్న పది గంటలకు కూలి ఆడవాళ్ళు అయిదుగురు నాచు తీయడానికి పక్కవాళ్ళ చెరువు మీదకు వెళ్ళారు. పాపాయమ్మ ఒక్కతే మా గట్ల మీద గడ్డి కోస్తూ ఉండిపోయింది. వాళ్ళు పదకొండున్నరకు తిరిగి వచ్చారు. లోవలక్ష్మి షెడ్డు వెనక్కి వెళ్ళి చూసింది. రేకు గోడను ఆనుకుని వెళ్ళే వైరుకు ఒక చోట అతుకు ఉంది. వెనక చెరువుల్లో నీళ్ళకు గాలి అందించే ఫ్యాన్లకు కరెంటు దాని మీదే వెళ్తుంది. అతుక్కి చుట్టిన టేపు ఊడి, కరెంటు రేకులోకి దిగింది. పాపాయమ్మ లేస్తూ రేకు పట్టుకుని ఉంటుంది.

హరి నరసాపురం నుంచి పన్నెండుకు వచ్చాడు. వస్తూనే మెయిన్ ఆపాడు. తర్వాత ఇంట్లోకి వచ్చి టీవీ కింద ఉన్న రికార్డింగు పెట్టె వైరు పీకాడు. ఏం చేస్తున్నావురా అన్నాను. బయటకు వెళ్ళిపోయాడు. అరగంట తర్వాత వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. చొక్కా అంతా బురద.

పాపాయమ్మ ఇప్పుడు కంచె అవతల, మురుగు కాలువ గట్టు మీద ఉందన్నాడు. వాళ్ళ గేదెకు గడ్డి కోసుకుంటూ గుండె ఆగిపోయిందని అందరూ చెప్తారన్నాడు. గంగరాజు చెప్తాడు, లోవలక్ష్మి చెప్తుంది. ఆ లైను అనుమతి లేనిది. బయటపడితే చెరువులకు సీలు, వాడికి జైలు.

"ఆ జాయింటు నేనే వేశానమ్మా" అన్నాడు. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు ఇలాగే వచ్చి నా ఎదురుగా కూర్చునేవాడు. "నువ్వేం చూళ్ళేదు కదా?"

"ఆ వైపు కెమెరా లేదు."

"అదే చెప్పు, చాలు. ఆ ముక్క వదిలేసి మంచి పని చేశావమ్మా."

ఊరి డాక్టరు వచ్చి గుండె అన్నాడు. ఇవాళ మధ్యాహ్నం వాళ్ళ సమాధుల తోటలో సమాధి చేశారు. నేను వెళ్ళలేదు. మోకాళ్ళు.

14 మార్చి, గురువారం

డాక్టరు హరితో చెప్పాడట, కరెంటు కొడితే మనిషికి తెలియను కూడా తెలియదని. ఒక్క క్షణం.

అయితే నేను చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే.

15 మార్చి, శుక్రవారం

పాపాయమ్మ కూతురు వినీల నరసాపురంలో నర్సు. సమాధికి ముందు తల్లికి స్నానం చేయించింది ఆ పిల్లే. కుడి అరచేతిలో కాలిన మచ్చ చూసిందట. స్టేషనులో అనుమానం అని రాసిచ్చింది. హరి పొద్దుటి నుంచి ఎవరెవరికో ఫోన్లు చేస్తున్నాడు. వైరు ఇప్పటికే చుట్టేసి ఎక్కడో పారేశాడు. రేకు మీద దాని మసి గీత ఉందని గంగరాజు అంటే, ఆ రేకు కూడా విప్పించాడు.

ఇవాళ అన్నం తింటూ హేమశ్రీ అడిగింది. "మామ్మా, ఆ టైములో టీవీ ముందు నువ్వేగా ఉన్నది?"

ఉన్నాను అన్నాను.

"అటు వెళ్ళడం కనబడుతుంది కదా? ఏడో గడిలో మూల దాకా కనబడుతుంది."

ఎంగిలి చేత్తో మాట్లాడకు అన్నాను. ఆ పిల్ల లేచి వెళ్ళిపోయింది.

16 మార్చి, శనివారం

ఎస్సై వచ్చాడు. చిన్నవాడే, మర్యాదగా మాట్లాడాడు. మంగళవారం నాటి రికార్డు అడిగాడు. పెట్టె చెడిపోయిందని హరి చెప్పాడు. రిజిస్టరు చూపించమన్నాడు. చూపించాను. 10:20, గంగరాజు, రెండో గట్టు. 11:05, గంగరాజు, అయిదో గట్టు. మధ్యలో ఏమీ లేదు.

"చనిపోయినామె మీ గట్ల మీదకు రాలేదాండి ఆ రోజు?"

గడ్డి కోయడానికి వచ్చింది అన్నాను. తర్వాత ఎటు వెళ్ళిందో రిజిస్టరులో లేదన్నాను. షెడ్డు వెనక కెమెరా ఎందుకు లేదని అడిగాడు. అవసరం లేదనుకున్నామన్నాను.

నేను చెప్పిన మూడు మాటల్లో ఏ ఒక్కటీ అబద్ధం కాదు. మళ్ళీ ఒకసారి సరిచూసుకున్నాను. కాదు.

18 మార్చి, సోమవారం

లోవలక్ష్మి ఇంటికి వచ్చింది. వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని ఏడ్చింది. పాపాయమ్మను తాను చూసింది రేకు దగ్గర కాదట. మూల వైపు, గట్టు వంపు దగ్గరట. మోచేతులకు, గోళ్ళ నిండా మట్టి ఉందట. "పాకిందండి అమ్మగారూ. కెమెరా ఉన్నేపుకి పాకిందండి" అంది. ఈ మాట ఎవరితో అన్నావని అడిగాను. ఎవరితోనూ అనలేదంది. అనకు అన్నాను.

ఆమె వెళ్ళాక టేపు ఇచ్చి గంగరాజును పంపాను. అతను వెళ్ళనన్నాడు, అది ఆడవాళ్ళ చోటని. అది ఇప్పుడు ఎవరి చోటూ కాదన్నాను. వెళ్ళాడు.

రేకు ఉండిన చోటు నుంచి లోవలక్ష్మి చెప్పిన చోటికి పద్నాలుగు అడుగులు.

19 మార్చి, మంగళవారం

పద్నాలుగు అడుగులు ఒక్క క్షణంలో పాకలేరు.

21 మార్చి, గురువారం

నేను చూడలేదని ఈ పుస్తకంలోనే రాసుకున్నాను. ఎవరూ చదవని పుస్తకంలో అబద్ధం రాసుకోవలసిన అవసరం ఏమిటో తెలియదు. నా విద్యార్థి ఎవరైనా ఇలా చేసి ఉంటే పేజీ మొత్తం కొట్టేసేదాన్ని.

10:42కి పాపాయమ్మ ఏడో గడిలో షెడ్డు మూల తిరిగింది. కొడవలి గట్టు మీద పెట్టి వెళ్ళింది. నేను నియమం ప్రకారం రాయలేదు. గడియారం మాత్రం చూశాను. చూడడం నాకు అలవాటు.

మామూలుగా ఆరు, ఏడు నిమిషాలు. 10:50కి మళ్ళీ గడియారం చూశాను. 10:58కి ఇంకోసారి. కొడవలి అక్కడే ఉంది. ఏదో అయిందని నాకు 10:58కి తెలుసు. అనుమానం కాదు, తెలుసు.

11:05కి గంగరాజు అయిదో గట్టు మీదకు వచ్చాడు. షెడ్డుకు అరవై మీటర్లు కూడా లేడు. మేత ఎంత వెయ్యమంటారని ఫోన్ చేశాడు. చెప్పాను. ఫోన్ నా చేతిలోనే ఉంది. ఒకసారి షెడ్డు వెనక్కి చూసి రా అంటే సరిపోయేది. ఆమె ఎలా ఉందో, ఏ స్థితిలో ఉందో. మగవాణ్ణి ఎలా పంపను? ఆమె మానం కోసమే కదా ఆ ముక్క వదిలింది. రేపు ఆమె నా మొహం ఎలా చూస్తుంది అనుకున్నాను.

లోవలక్ష్మి వాళ్ళు వచ్చేదాకా ఆగాను. 11:31. లోవలక్ష్మికి ఫోన్ చేసి, పాపాయమ్మ ఏమైందో చూడమన్నాను. 10:58 నుంచి 11:31. ముప్పై మూడు నిమిషాలు.

22 మార్చి, శుక్రవారం

ఇదంతా హరికి చెప్పాను, బయట పెడతానని కూడా. పదకొండేళ్ళ పిల్లాడిలా నేల వైపు చూస్తూ విన్నాడు. విన్నాక కోపం వచ్చింది.

"నువ్వు చెప్తే నేను లోపలికెళ్తాను. అది తెలుసా నీకు?"

తెలుసు అన్నాను.

"హేమ చదువు, ఇల్లు, అన్నీ. కన్నకొడుకు కంటే కూలి మనిషి ఎక్కువైందా?"

ఎక్కువ తక్కువల సంగతి కాదు, జరిగినదాని సంగతి అన్నాను. వాడు నన్ను చాలా మాటలు అన్నాడు. అవి రాయను. చివరికి నా పాదాల దగ్గర కూర్చుని, "నీ పేరు కూడా వస్తుందమ్మా. ముప్పై మూడు నిమిషాలు ఊరుకున్నావని ఊరంతా అంటారు" అన్నాడు. వాడు నన్ను బెదిరించడం లేదు. నిజంగా నా కోసమే అన్నాడు. అదే కష్టంగా ఉంది.

23 మార్చి, శనివారం

ఇవాళ సాయంత్రం పాపాయమ్మ ఇంట్లో ఆదరణ కూటమి. మనిషి పోయిన ఇంటికి చర్చి సంఘం వాళ్ళు వచ్చి ప్రార్థన చేసి ధైర్యం చెప్పే కూటమి. జనం రాకముందే వెళ్ళాలని పదింటికి ఆటో పిలిపించుకున్నాను. ఆ పేటలోకి నేను వెళ్ళడం ఇదే మొదటిసారి. పాపాయమ్మ మా దగ్గర తొమ్మిదేళ్ళు పని చేసింది.

ముందు వాకిట్లో టెంటు కడుతున్నారు. వినీల నన్ను లోపలికి తీసుకెళ్ళి కుర్చీ వేసింది. గోడకు పాపాయమ్మ ఫోటో, దాని కింద ఆమె అల్లిన లేసు గుడ్డ. చూపు తగ్గి లేసు పని మానేశాక చెరువుల మీదకు వచ్చిందట. అది కూడా నాకు తెలియదు.

మొత్తం చెప్పాను. రేకు, వైరు, అతుకు, మోసుకెళ్ళి కంచె అవతల పడుకోబెట్టడం, ఇవన్నీ. తర్వాత ఆ ముక్క ఎందుకు వదిలానో, 10:42, 10:58, 11:05, 11:31. గంగరాజును ఎందుకు పంపలేదో కూడా చెప్పాను. వినీల మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. నర్సులు అలా వింటారు కాబోలు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వింది.

"గంగరాజుగారిని పంపకపోవడం నాకర్థమైందండి" అంది చివరికి. "అమ్మకీ ఇష్టం ఉండేది కాదు."

నాకు కాస్త ఊపిరి తిరిగింది. అప్పుడు అడిగింది.

"మీరు వెళ్ళొచ్చు కదండి?"

గట్టిగా అడగలేదు. తెలియక అడిగినట్టే అడిగింది. నేను మోకాళ్ళు అన్నాను. ఆ మాట అనగానే, కిందటి నెల టేపు ఒక కొస పట్టుకుని వాళ్ళ అమ్మతో పదిహేడు గట్లు తిరిగిన సంగతి మా ఇద్దరికీ గుర్తుకొచ్చింది. వినీల లేచి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

నేను వెళ్ళొచ్చు. నేనూ ఆడదాన్నే. ఈ ఆలోచన ఆ ముప్పై మూడు నిమిషాల్లో రాలేదు. ఆ తర్వాత పదకొండు రోజుల్లోనూ రాలేదు. ఎందుకు రాలేదో రాయడానికి ప్రయత్నించి మూడుసార్లు కొట్టేశాను. అది వాళ్ళు వెళ్ళే చోటు. నేను వెళ్ళే చోటు కాదు. అంతే. ఇంతకంటే మర్యాదైన కారణం దొరకలేదు.

24 మార్చి, ఆదివారం

పొద్దున ఇంటి గుమ్మం నుంచి షెడ్డు దాకా నడిచాను. కర్ర పట్టుకుని, మామూలు నడకతో. ఒక చోట ఆగి ఊపిరి తీసుకున్నాను. దాన్ని కూడా కలిపాను.

నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు.

25 మార్చి, సోమవారం

వినీల, నేను స్టేషనుకు వెళ్ళాం. హరి గదిలోంచి బయటకు రాలేదు. హేమశ్రీ ఆటో దాకా వచ్చి నా చెయ్యి పట్టుకుని ఎక్కించింది. వాళ్ళ నాన్న గురించి ఏమవుతుందని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

స్టేట్‌మెంటు నేనే రాస్తానన్నాను. ఎస్సై కాగితాలు ఇచ్చాడు. ఆ ముక్క ఎందుకు వదిలానో రాయవలసిన చోట కలం ఆగింది. గదిలో నలుగురు మగవాళ్ళు ఉన్నారు. ఆడకూలీలు ఒంటికి వెళ్ళే చోటు అని రాశాను. అతను చదివి తల దించుకున్నాడు.

సమాధి తవ్వి పోస్టుమార్టం చేయవలసి ఉంటుందట. దానికి కూతురు ఒప్పుకోవాలి. వినీల చేత సంతకం పెట్టించుకున్నారు. పెట్టేటప్పుడు ఆ పిల్ల చెయ్యి తల్లి పేరు దగ్గర ఆగింది. నేను పట్టుకోబోయాను. చెయ్యి వెనక్కి తీసుకుంది. సంతకం పూర్తి చేసింది.

నా స్టేట్‌మెంటు నాలుగు పేజీలు. ఎస్సై మొత్తం చదివి, ఆఖరి రెండు వాక్యాల దగ్గర వేలు పెట్టాడు. "ఇవి కేసుకు అవసరం లేదండి మేడమ్. ఇవి మీకే ఇబ్బంది. కొట్టేయండి."

ఉండనివ్వమన్నాను.

"నా ఇంటి నుంచి ఆ చోటికి నడిచి వెళ్ళడానికి నాకు నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు పడుతుంది. నేను వెళ్ళలేదు."

సంతకం పెట్టాను. తేదీ వేశాను.